తెల్ల నాబ్

నా గిటారు ఆంప్లిఫయరుకు ముందువైపు మూడు నాబ్‌లు ఉంటాయి. రెండు నల్లవి, దానితోపాటే పుట్టినవి. మూడోది తెల్లది, ఏదో పాత రేడియో నుంచి ఊడదీసి తగిలించినది. ఆ తెల్ల నాబ్ కోసం నేను పనిగట్టుకుని చీరాల వెళ్ళి వచ్చాను. అది పెట్టించుకున్న తర్వాత ఐదు నెలలపాటు మా చర్చిలో ఏం జరుగుతోందో నాకొక్కడికే తెలియలేదు. తెలిశాక రాద్దామని కూర్చుంటే, సిగ్గు తగ్గడానికే ఏడాది పట్టింది.

మాది ప్రత్తిపాడు పక్కన ఊరు. చుట్టూ పత్తి, మిరప. నేను ఇరవై ఆరేళ్ళు జిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేశాను. పొలాల నుంచి వచ్చిన పత్తిని గింజ వేరు, దూది వేరు చేసే మిల్లు అది. సీజన్లో యంత్రాలన్నీ ఒకేసారి తిరుగుతుంటే పక్కవాడితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. కూలీలు చెవుల్లో ఇంత దూది కుక్కుకునేవాళ్ళు. నేను పెట్టుకునేవాణ్ణి కాదు. పెళ్ళయిన కొత్తలో నా భార్య దూదిని చిన్న చిన్న ఉండలు చేసి, మందుబిళ్ళల రేకు డబ్బాలో వేసి, అన్నం క్యారేజీతోపాటు ఇచ్చేది. "పెట్టుకోవయ్యా, నీ సొమ్మేం పోయింది" అనేది. ఆ డబ్బా మూత తీయకుండానే సాయంత్రం తిరిగి తెచ్చేవాణ్ణి. ఫిట్టరుకు చెవే కదా పనిముట్టు. రోలరు అరిగినా, పత్తిలో ఇనపముక్క కలిసి లోపలికి పోయినా ముందు మారేది చప్పుడే. వాసన తర్వాత వస్తుంది, మంట ఆ తర్వాత వస్తుంది. చప్పుడు మారిన సంగతి మిల్లులో అందరికంటే ముందు పట్టేది నేనే. అది నా గొప్ప. కొన్నాళ్ళకు ఆమె విసిగి డబ్బా ఇవ్వడం మానేసింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆమెకు అప్పటికే అర్థమైంది.

ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తాను. చాలా ఏళ్ళ క్రితం మా ఊళ్ళో పనిచేసి వెళ్ళిన పాస్టరు గారొకరు నేర్పారు. మిల్లులో నేను గ్రీజు మరకల మనిషిని, పేరుతో పిలిచేవాడే ఉండడు. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాస్టరు గారు ప్రసంగించే పల్పిట్ పక్కన కుర్చీలో కూర్చుంటే, నేను మొదటి తీగ మీటేదాకా సంఘమంతా పాట ఎత్తుకోకుండా ఆగుతుంది. ఒక్క క్షణమే. ఆ క్షణం కోసమే మిగతా ఆరు రోజులూ మిల్లుకు పోయేవాణ్ణేమో అనిపిస్తుంది. మిల్లు పని మానేశాక నాకంటూ మిగిలింది అదొక్కటే.

అలాంటి గిటారు మొద్దుబారడం మొదలైంది. కింది సన్న తీగలు మీటితే ఒకప్పుడు గాజు గ్లాసుకు చెంచా తగిలినట్టు మోగేవి. రానురాను దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు అయిపోయాయి. తీగలు మార్చాను. వైరు మార్చాను. చర్చికి కొత్తగా సీలింగు వేయించారు, శబ్దమంతా ఆ సీలింగే తినేస్తోందని పాస్టరు గారితో పోట్లాడాను. ఆయన వయసులో నాకన్నా చిన్నవాడు, ఓపికగా విన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత అందరికీ తెలుసు. తన వంతు వచ్చినప్పుడు మాత్రం ఎవడికీ గుర్తురాదు. నాకు భయం వేసేది. గిటారు నాకే సరిగ్గా వినపడకపోతే తప్పులు వాయిస్తాను, తప్పులు వాయిస్తే ఆ కుర్చీ నాది కాదు. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. చివరికి తప్పంతా ఆంప్లిఫయరుదేనని తేల్చాను.

ఆ ఆంప్లిఫయరు నేను చీరాలలో మూతపడిన ఒక ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గర కొన్నది. వాళ్ళ మైకు సెట్లన్నీ మొదటి నుంచీ బాగుచేసిన ఆయన, అందరూ భాయ్ అని పిలుస్తారు, ఇంకా అక్కడే షాపు నడుపుతున్నాడని తెలిసింది. పర్చూరు మీదుగా పోయే బస్సులో దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని, గిటారు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను.

భాయ్ షాపు మరమగ్గాల సందులో ఉంది. ముందు గది షాపు, వెనక గది ఇల్లు. సందుకు రెండు వైపులా మగ్గాలు దడదడలాడుతుంటాయి. "పని ఇప్పుడు చేస్తా. వాయించి చూసుకునేది మాత్రం మగ్గాలు భోజనాలకి ఆపాకే. ఈ మోతలో వింటే మోసపోతాం" అన్నాడు. అది నాకు నచ్చింది. పని తెలిసినవాడి మాట అది.

ఆంప్లిఫయరు వెనక రేకు విప్పి, ప్లగ్గు పీకేసినా లోపల కరెంటు నిలవుంటుందని దాన్ని ముందు దించేసి, అప్పుడు వేలు పెట్టాడు. నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు.

"ఇదిగో చూడండన్నా. వాల్యూమ్ కంట్రోలు కాళ్ళ మధ్య మినపగింజంత ఉందే, కెపాసిటరు. సన్న శబ్దం వాల్యూమ్ దగ్గర ఆగకుండా దీన్లోంచి అడ్డదారిన పోద్ది. గిటారుకి పదును వచ్చేది దీనివల్లే. వాల్యూమ్ తక్కువలో ఉన్నప్పుడు బాగా తెలుస్తది. పెంచేకొద్దీ దీని పని తగ్గిపోద్ది. మీరు పెంచి వాయిస్తారా?"

"ఈమధ్య పెంచే వాయిస్తున్నా. లేకపోతే వినపడితేగా."

ఆయన తలెత్తి నా వంక ఒకసారి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. "దీన్ని తీసేసి కాస్త పెద్దది వేసి, దానికో కంట్రోలు కడతా. నాబ్ మూస్తే పదును ఉండదు. తెరిస్తే మొత్తం ఉంటది. మధ్యలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. ఇన్నాళ్ళూ కంపెనీవాడు పెట్టిందే పదును. ఇప్పుడు మీ చేతికి వచ్చిద్ది."

కొత్త నాబ్ కోసం ముందు రేకుకు రంధ్రం చేస్తాడని నేను దిగులుపడ్డాను. చేయలేదు. ఎవరూ వాడని రెండో మైకు సాకెట్టు పీకేసి, ఆ రంధ్రంలోనే కంట్రోలు బిగించాడు. నల్ల నాబ్ దొరక్క తెల్లది పెట్టాడు. సోల్డరింగు పొగ చల్లారేసరికి బయట మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. సందంతా నిశ్శబ్దమైపోయింది.

నేను మీటుతుంటే ఆయన తెల్ల నాబ్ తిప్పాడు.

"ఇక్కడ?"

"ఇంకా."

"ఇక్కడ?"

"ఇంకా తిప్పండి భాయ్."

చివరికంటా తిప్పాడు. అప్పుడు వచ్చింది. ఆ గాజు మోత, ఆ గోరు చప్పుడు, తీగ మీద వేలు జారితే వచ్చే ఆ చిన్న కీచు, అన్నీ వచ్చాయి. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. నేను వాయిస్తూనే ఉన్నాను. భాయ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. లోపలి గదిలో ఆయన భార్య తలుపు దగ్గరికి లాగి మూసేసింది. పరాయి మగవాడు వచ్చాడని మూసుకుందనుకుని, మర్యాదగా నేనూ అటు చూడటం మానేశాను.

రేకు బిగిస్తూ భాయ్ అన్నాడు. "అన్నా, ఒక మాటంటే ఏమనుకోరుగా. చెవులు ఎప్పుడన్నా చూపించుకున్నారా? ఈ సందులో మగ్గాల మీద చేసేవాళ్ళకి చానామందికి ఇట్టాగే ఉంటది. పెద్ద మోత వినపడతానే ఉంటది. సన్న శబ్దాలే ముందు పోతాయి."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మిల్లులో అందరికంటే ముందు చప్పుడు పట్టినవాణ్ణి నేను. "నేనొచ్చింది దీన్ని బాగుచేయించుకోడానికి. నా చెవుల్ని కాదు" అన్నాను.

ఆయన నొచ్చుకున్నట్టు కనిపించలేదు. చివరి స్క్రూ బిగించి, "సరే అన్నా. ఈ నాబ్ తిప్పుకోడానికి పెట్టా. ఒకచోట పెట్టి వదిలేయమాకండి" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నా భార్య వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఆమెను చేతులు కడుక్కోమని కూడా అనకుండా ప్లగ్గు పెట్టి వాయించాను. నేను నవ్వుతున్నానట. నాకు తెలియదు, ఆమె తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం "బాగుందయ్యా" అంది. అని లేచి దొడ్లోకి వెళ్ళింది.

మా చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చుంటారు. చాపలే, బెంచీలు లేవు. లోపలికి అడుగుపెడుతూనే ఆడవాళ్ళంతా పైటచెంగు తలమీదికి లాక్కుంటారు. కొన్ని చర్చిల్లో పేరుకు తల వెనక తగిలించుకుంటారు. మా దగ్గర అలా కాదు, నుదురు దాకా దించి, చెవులు మూసుకుని, గడ్డం కింద చేత్తో పట్టుకుంటారు. మొహం ఇంత కనపడుతుంది, అంతే. పుట్టినప్పటి నుంచి చూస్తున్న దృశ్యం. అందులో చూడాల్సింది ఏముంటుంది?

తెల్ల నాబ్ చివరికంటా తిప్పే ఉంచాను. ఆ వారాల్లో నా అంత సంతోషంగా ఎవరూ ఆరాధనకు వెళ్ళి ఉండరు. ఆడవాళ్ళ చాపలు మెల్లగా వెనక్కి జరిగాయి. ఫ్యాను గాలి కోసమనుకున్నాను. నేను పాట మొదలుపెడితే ఆ వైపు గొంతులు ఒక క్షణం ఆలస్యంగా కలిసేవి. వీళ్ళకు తాళం మీద ధ్యాస లేదని విసుక్కున్నాను. ఒక ఆదివారం పాస్టరు గారు వచ్చి, "గిటారు కొంచెం తగ్గిద్దామా అండీ" అన్నారు. వాల్యూమ్ సగానికి తగ్గించాను. వాల్యూమ్ తక్కువలోనే పదును బాగా తెలుస్తుందని భాయ్ చెప్పిన మాట నాకు గుర్తే లేదు. నేను తగ్గించానని అనుకున్నది వాళ్ళ చెవుల్లో ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ఆయన మళ్ళీ అడగలేదు.

నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభు బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి వరసగా ముందుకు వచ్చి మోకరిస్తారు. నేను పక్కనే కూర్చుని నెమ్మదిగా వాయిస్తుంటాను. ఆ రోజు నా భార్య వంతు వచ్చింది. రెండు చేతులూ చాపాలి కాబట్టి ముసుగు పట్టుకున్న చెయ్యి వదిలింది. తల వంచినప్పుడు చెంగు జారింది. ఆమె చెవిలో తెల్లగా దూది కనిపించింది.

నా చేతులు వాయిస్తూనే ఉన్నాయి, మనసు లేదు. చెవిపోటుతో బాధపడుతూ నాతో చెప్పలేదని అర్థం చేసుకున్నాను. చెప్పదు, ఆమె ఎప్పుడూ ఏదీ చెప్పదు. ఆరాధన అవగానే ప్రత్తిపాడు వెళ్ళి, మందుల షాపులో చెవిలో వేసే చుక్కలు తెచ్చాను. ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, సీసా మూత తీసి, "తల వంచు" అన్నాను.

"ఏందయ్యా ఇది?"

"చెవిలో దూది చూశా. ఎన్నాళ్ళ నుంచి పోటు? నాకెందుకు చెప్పలేదు?"

ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నాకు పోటు లేదు. నీ గిటారుకి పెట్టుకున్నా" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె నేల వంక చూస్తూ చెప్పింది.

"సూదులతో పొడిచినట్టు ఉంటందయ్యా. మొదటి ఆదివారం అయితే తల తిరిగి పడిపోతాననుకున్నా. నేనొక్కదాన్నే కాదు. ఆడోళ్ళం అందరం పెట్టుకుంటన్నాం. నేనే ఉండలు చేసి తలా రెండు ఇస్తన్నా. ముసుగు ఉంటదిగా, నీకు కనపడదు."

"పాస్టరు గారికి తెలుసా?"

"ఆయన భార్యకేగా మొదట ఇచ్చింది."

లేచి వెళ్ళి తన బైబిలు సంచీ తెచ్చింది. అందులో మందుబిళ్ళల రేకు డబ్బా. మూత తీస్తే నిండా దూది ఉండలు. నా క్యారేజీతోపాటు పంపిన డబ్బాయే. ఇన్నేళ్ళు ఎక్కడ దాచిందో.

మగవాళ్ళు ఎట్లా ఓర్చుకున్నారని అడగబోయి మానుకున్నాను. వాళ్ళలో సగం మంది నాతోపాటు మిల్లులో చేసినవాళ్ళే.

ఐదు నెలలు. మా చర్చిలో ఆడవాళ్ళంతా చెవుల్లో దూది కుక్కుకుని, దానిమీద ముసుగు కప్పుకుని, నా పెదవుల కదలిక చూసి పాట ఎత్తుకున్నారు. నేను వాళ్ళకు తాళం రాదని విసుక్కున్నాను. గడ్డి కోసుకునే ముసలమ్మల దగ్గర నుంచి పెళ్ళికాని పిల్లల దాకా ఒక్కరి నోట ఒక్క మాట బయటికి రాలేదు. అంత దయను ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. తెలియక కోప్పడ్డాను. "నాతో ఒక్క మాట అనకూడదా? నన్ను పిచ్చివాణ్ణి చేశారే అందరూ కలిసి!"

"చీరాల నుంచి వచ్చి ఆ రోజు నువ్వు నవ్విన నవ్వు, పెళ్ళయిన కొత్తలో చూశా. మళ్ళీ అప్పుడే చూశా. ఎట్టా చెప్పమంటావు?"

"నా చెవులకేం కాలేదు" అన్నాను. ఇంకా అన్నాను, అదే వింత.

ఆమె వసారాలోకి వెళ్ళి బస్తాలోంచి ఒక ఎండుమిరపకాయ తీసుకొచ్చింది. మా వైపు కాయ ఎండిందో లేదో చెవి దగ్గర ఆడించి చూస్తారు. లోపల గింజలు గలగలమంటే ఎండినట్టు. తన చెవి దగ్గర ఆడించుకుని, "ఎండింది" అంది. తర్వాత నా చెవి దగ్గర ఆడించింది. కాయ కదులుతోంది. ఆమె వేళ్ళు కదులుతున్నాయి. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. రెండో చెవి దగ్గర ఆడించింది. ఏమీ లేదు.

చిన్నప్పటి నుంచి కల్లాల్లో విన్న చప్పుడు అది. ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు. ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

గుంటూరులో చెవి డాక్టరుకు చూపించాం. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వచ్చినప్పుడల్లా మీట నొక్కమన్నారు. అద్దం అవతల నా భార్య నిలబడి నా వేలు వంకే చూస్తోంది. చాలాసేపు నా వేలు కదలలేదు. నరం దెబ్బతిన్నదని, పోయింది తిరిగి రాదని, చెవికి మిషను పెట్టుకుంటే మాటలు తేటగా వినపడతాయని చెప్పారు. మిషను పెట్టుకున్నాను. మాటలకు పనికొస్తోంది. గిటారు మాత్రం అందులో రేకు డబ్బా మోతలా ఉంటుంది, అందుకని వాయించేటప్పుడు తీసేస్తాను.

భాయ్‌కి ఫోను చేసి, ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడిగాను. "అదేం మాట అన్నా, ఈసారి చీరాల వస్తే టీ తాగుదాం" అన్నాడు. ఫోను పెట్టేశాక, ఆ రోజు ఆయన భార్య లోపలి గది తలుపు ఎందుకు మూసుకుందో నాకు వెలిగింది.

గిటారు మానేస్తానన్నాను. సంచీలో పెట్టి అటక మీదికి ఎక్కించాను. రెండు ఆదివారాలు మగవాళ్ళ చాపల మీద వెనక వరసలో కూర్చున్నాను. పాట మొదలైంది. ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు. ఆ ఆగకపోవడం నాకు చాలా స్పష్టంగా వినపడింది.

మూడో శనివారం ఆమె తనే స్టూలు వేసుకుని గిటారు దించింది. "తిప్పుకునేదాన్ని పెట్టించుకొచ్చి, ఒక్కసారి తిప్పి ఊరుకున్నావు. అదీ నీ చెవికి. రేపు నేను తిప్పుతా, పద" అంది.

ఆదివారం పొద్దున ఎవరూ రాకముందే వెళ్ళాం. ఆమె చాప దగ్గర ఆగకుండా నాతోపాటు పల్పిట్ పక్కకు వచ్చింది. ముసుగు వెనక్కి తోసి, చెవులు రెండూ బయట పెట్టుకుని, ఆంప్లిఫయరు ముందు గొంతుక్కూర్చుంది. నేను వాయించాను. ఆమె తెల్ల నాబ్ పట్టుకుని వెనక్కి తిప్పింది. నాకు గాజు మోత పోయింది. ఇంకొంచెం తిప్పింది. గోరు చప్పుడు పోయింది. ఇంకా తిప్పుతుంటే, చాలు ఆపమని అరవాలనిపించింది. నా గిటారును నా ఎదుటే ఎవరో గొయ్యి తీసి పూడుస్తున్నట్టు ఉంది. అరవలేదు. చివరికి నాకు మిగిలింది చెక్కలోంచి పొట్టకు తగిలే అదురు, లావు తీగల మూలుగు మాత్రమే. అక్కడ ఆమె మొహంలో ముడి విడిపోయింది.

"ఇదిగో, ఇక్కడ. ఇదయ్యా నీ గిటారు" అంది.

సుద్దముక్కతో అక్కడ గీత పెట్టాను.

ఆరాధన మొదలైంది. పాస్టరు గారు పాట పేరు చెప్పారు. సంఘం ఆగింది. నేను సన్న తీగ మీటాను. నాకు వినపడలేదు. తప్పు మీటానేమోనని ఎడమవైపు చూశాను. చాపలు మళ్ళీ ముందుకు జరిగి ఉన్నాయి. నుదుటి మీద ముసుగులు ముసుగుల్లాగే ఉన్నాయి, కానీ ప్రతి ఒక్కరూ చెంగును చెవుల వెనక్కి దోపుకున్నారు. వరసగా చెవులు, జుంకాలున్నవీ, లేనివీ. ఒక్కదాంట్లోనూ దూది లేదు. వాళ్ళంతా ఒక్కసారిగా, ఆలస్యం లేకుండా పాట ఎత్తుకున్నారు.